పది బస్తాలు టన్ను

సూరన్న భుజం అబద్ధం చెప్పదని పోర్టులో అతనితో పనిచేసినవాళ్లు ఇప్పటికీ అంటారు. మిగతా సూరన్నకి మాత్రం నేను హామీ ఉండలేను. వయసు అడిగితే ఒకసారి నలభై అనేవాడు, ఇంకోసారి యాభై అనేవాడు. సెలవు కావలసినప్పుడల్లా ఉన్న ఒక్క మేనత్తనీ చంపేసేవాడు. నాకు తెలిసి ఆవిడ మూడుసార్లు పోయింది, ఆ తర్వాత వచ్చి మా స్టోర్సు గుమ్మంలో కూర్చుని మజ్జిగ కూడా తాగింది.

నా పేరు రమణమూర్తి. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో అక్కడ పని తీసుకున్న ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్సు గుమాస్తాగా ఉండేవాణ్ని. సిమెంటు, నట్లు, బోల్టులు, తాళ్లు, గొలుసులు అన్నీ నా చేతిమీదుగానే బయటికి వెళ్లాలి. తాళాల గుత్తి నడుముకి కట్టుకుని తిరిగేవాణ్ని. ఇంటర్మీడియెట్ ప్యాసయ్యానని కొంచెం పొగరు కూడా ఉండేది. లేదనడం దేనికి.

సూరన్నది తగరపువలస అవతల మెట్ట ఊరు. వరసగా రెండేళ్లు చోడి పంట పోతే, పెళ్లాం సన్యాసమ్మని తీసుకుని పట్నం వచ్చేశాడు. ఆమె మద్దిలపాలెం జంక్షనులో కూరగాయలు అమ్మేది, ఇతను పోర్టులో బస్తాల ముఠాలో చేరాడు. డెబ్బైల్లో గోధుమైనా, పంచదారైనా, అతను మోసినవన్నీ క్వింటాలు బస్తాలే. లారీ నుంచి వ్యాగనుకి పలక వేసి, పలక మీద వంద కిలోలు భుజాన పెట్టుకుని నడవాలి. పన్నెండేళ్లు అలా నడిచాడు.

అతని భుజానికి పేరొచ్చింది డెబ్బై నాలుగులోనట. ఒకరోజు పంచదార బస్తా ఎత్తుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి దింపేశాడు.

"దీన్లో ఐదు కిలోలు నేవు" అన్నాడు.

లెక్క చూసే గుమాస్తా నవ్వి, సరదాకి కాటా మీద పెట్టించాడు. తొంభై నాలుగున్నర వచ్చింది. అప్పట్నుంచి అందరికీ ఇదో కాలక్షేపం అయిపోయింది. జాలరిపేటలో వంజరం చేపలు తెచ్చి చేతిలో పెట్టేవారు, కోళ్లు పెట్టేవారు. ముఠాలో ఒకాయనకి కూతురు పుడితే ఆ పిల్లని కూడా తెచ్చి పెట్టారు. "రెండు కిలోలా ముప్పావు" అన్నాడట. ఆసుపత్రి చీటీలో రెండు కిలోల ఎనిమిది వందలని ఉంది. ఆ యాభై గ్రాములూ మొలతాడుదని సూరన్న వాదన.

డెబ్బై తొమ్మిదిలో జారిపడ్డ బస్తా ఒకటి అతని ఎడమ భుజం మీద పడింది. ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. ముఠాలోంచి బయటికొచ్చి, ఖలాసీల దగ్గర బరువులు కట్టే పని నేర్చుకున్నాడు. ఏ బరువుకి ఏ తాడు, ముడి ఎక్కడ, కొక్కెం ఎక్కడ, పైవాడికి చేత్తో ఎలా సైగ చెయ్యాలి, అన్నీ పట్టేశాడు. ఎనభై రెండులో తన బావ చలమయ్యని వెంటబెట్టుకుని మా కాంట్రాక్టరు దగ్గరికి వచ్చాడు. చలమయ్య సన్యాసమ్మకి అన్న, ఏడో తరగతి దాకా చదివాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు "బావా" అనుకుంటూ రోజంతా పోట్లాడుకునేవారు.

సూరన్నకి అక్షరాలు రావు. అంకెలు మాత్రం గుర్తుపట్టేవాడు. ఆ సంగతి తెలిసి, ఒక మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేను అతనికి పాఠం మొదలుపెట్టాను.

"చూడు సూరన్నా. వెయ్యి మిల్లీగ్రాములు ఒక గ్రాము. వెయ్యి గ్రాములు కిలో. వంద కిలోలు క్వింటాలు. పది క్వింటాళ్లు టన్ను."

"మిల్లీగ్రామంటే ఏటి బాబూ?"

"గ్రాములో వెయ్యో వంతు."

"అంత సిన్నది ఎవులు మోత్తారు?"

ఎవరూ మొయ్యరని, మందులవాళ్లు తూస్తారని చెప్పాను. మొయ్యనిదానికి తూకం దేనికన్నట్టు చూశాడు. ఆ తర్వాత నా పాఠాన్ని తన భాషలోకి తిప్పుకున్నాడు. గ్రామంటే చింతపిక్క. కిలో అంటే సన్యాసమ్మ తక్కెడలో ఇనపరాయి. క్వింటాలంటే బస్తా. టన్నంటే పది బస్తాలు. నేను నవ్వాను. నవ్వానే గాని అందులో తప్పేమీ లేదు, మెట్టు మెట్టుకీ సరిగ్గానే ఉంది.

ఆ లెక్క ఎంత పనికొస్తుందో ఎనభై నాలుగు డిసెంబరులో కళ్లారా చూశాను. కన్వేయర్ నడిపే గేర్ బాక్సు ఒకటి వచ్చింది. దాన్ని మూడు నిలువుల ఎత్తున ఇనప దూలాల మీదికి ఎక్కించాలి. ఎక్కించడానికి చైన్ బ్లాకు ఉంది. పైన తగిలించి కింద గొలుసు లాగితే బరువు అంగుళం అంగుళం లేస్తుంది. గొలుసు వదిలేసినా బరువు కిందికి రాకుండా లోపల బ్రేకు ఉంటుంది. ఆ బ్లాకు మీద 5 అని అచ్చు. టన్నులన్నమాట. గేర్ బాక్సు రేకు మీద 4800 అని అచ్చు. కిలోలన్నమాట. అయితే టన్నులని గాని, కిలోలని గాని చెప్పే అక్షరాలు మట్టికొట్టుకుపోయి ఉన్నాయి.

కొత్తగా చేరిన ఎల్లాజీ అనే జాలరి ఆ రెండు అంకెలూ చూసి చేతిలో తాడు కింద పడేశాడు.

"ఐదు మోసేదానికి నాలుగువేల ఎనిమిదొందలు తగిలిత్తారా? నాను సెయ్యను."

సూరన్న కోప్పడలేదు. "ఒరే, అది కిలోలు, ఇది టన్నులు. రెండిట్నీ బస్తాలు సెయ్యి. నాలుగువేల ఎనిమిదొందలు అంటే నలభై ఎనిమిది బస్తాలు. ఐదు టన్నులంటే యాభై బస్తాలు. ఇంకా రెండు బస్తాలకి సోటుంది" అన్నాడు.

ఎల్లాజీ తాడు తీసుకున్నాడు. ఇంజనీరు శ్రీరామ్మూర్తిగారు పక్కనుంచి విని, తలూపి వెళ్లిపోయారు. ఆయన తలూపడం అంటే చిన్న విషయం కాదు. బరువులెత్తే పనికి ఒక మేస్త్రీని ఖాయం చెయ్యాలని నెల రోజులుగా అనుకుంటున్నారు. ఆ పని అప్పటికి సూరన్నే చేస్తున్నాడు గాని కాగితం లేదు. మేస్త్రీ అయితే ఈల పట్టుకుని నిలబడి సైగలు చేస్తే చాలు, చేత్తో బరువు ముట్టక్కర్లేదు. కాకపోతే మళ్లీ గొలుసు లాగాలి, దూలం మొయ్యాలి. చెవి దాటి లేవని చెయ్యితో ఎన్నాళ్లు లాగుతాడు? ఆ కాగితం అతనికి ఎంత అవసరమో మా అందరికీ తెలుసు.

అయితే గేర్ బాక్సుని వెంటనే ఎత్తడానికి వీల్లేదు. ఆ చైన్ బ్లాకు అంతకుముందే రిపేరుకి వెళ్లి వచ్చింది. రిపేరైన బ్లాకుని పనిలో పెట్టేముందు, మొయ్యాల్సినదానికన్నా పావువంతు ఎక్కువ తగిలించి పరీక్ష చెయ్యాలి. ఐదు టన్నుల బ్లాకుకి ఆరుంపావు టన్నులు. అంటే ఆరువేల రెండువందల యాభై కిలోలు. అంత కచ్చితమైన బరువు అక్కడ ఇంకేదీ లేక, నా స్టోర్సులోంచి సిమెంటు బస్తాలు తెచ్చి ఇనప పలక మీద పేర్చి, పలకని కొక్కేనికి తగిలిస్తామన్నారు.

సోమవారం సాయంత్రం సూరన్న వచ్చి, "అరవై మూడు బస్తాలు ఇప్పించండి బాబూ" అన్నాడు.

"ఆరుంపావుకి అరవై రెండున్నర కదా?"

"సిమెంటు బస్తాని సగానికి కొయ్యమంటారేటి?"

ఇద్దరం నవ్వుకున్నాం. అరవై మూడు బస్తాలు రాసి ఇచ్చాను. ముఠావాళ్లు మోసుకెళ్లారు. పలక జానెడు లేచింది, పావుగంట గాలిలో నిలబడింది, మళ్లీ దిగింది. పరీక్ష కాగితం నా చేతికొచ్చింది. "ఎత్తిన బరువు" అన్న చోట బస్తాలు రాయకూడదు, కిలోలే రాయాలి. పది బస్తాలు టన్ను. అరవై మూడు బస్తాలు ఆరువేల మూడువందల కిలోలు. రాశాను. సంతకం చేశాను. చక్కటి దస్తూరీ నాది.

మంగళవారం ఉదయం పదకొండుకి గేర్ బాక్సు ఎత్తాలి. అది పైకి వెళ్లాక, చలమయ్యా ఎల్లాజీ దాని కిందికి దూరి బోల్టులు బిగించాలి. ఇంకో రాత్రి మంచులో ఉంటే గడ్డకడుతుందని పొద్దున్నే సిమెంటు బస్తాలు తిరిగి స్టోర్సుకి మోస్తున్నారు. మోసేవాళ్లలో ఒకడు రాలేదు. సూరన్న కాసేపు చూసి, "ఎవులూ నేకపోతే నానే తెత్తాను" అని ఒక బస్తా కుడి భుజం మీదికి ఎత్తించుకున్నాడు. ఐదేళ్ల తర్వాత అతను బస్తా ఎత్తడం అదే మొదలు.

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. "ఏం సూరన్నా, కుర్రాడివైపోయావే" అన్నాను.

అతను గుమ్మంలో ఆగిపోయాడు. బస్తా దింపాడు. దానికేసి చూశాడు. వెనక్కి వెళ్లి ఇంకోటి ఎత్తుకున్నాడు, నాలుగడుగులు వేసి దింపేశాడు. మూడోది కూడా అలాగే. మొహంలో రంగు లేదు. చెయ్యి నొప్పెట్టిందేమో అనుకున్నాను.

"బాబూ, ఈ బస్తా ఎంత?"

"యాభై కిలోలు. దాని మీద అచ్చు ఉందిగా."

నోట్లోంచి మాట బయటికొచ్చాక నాకు అర్థమైంది. ప్రతి నెలాఖరునా నిలవ ఉన్న సిమెంటు బస్తాలు లెక్కపెట్టి, ఇరవైతో భాగించి, ఇన్ని టన్నులని రాసేది నేనే. ఇరవై బస్తాలు టన్ను. పది కాదు. రెండేళ్లుగా అది నా చేత్తో రాస్తూ, సోమవారం సాయంత్రం మాత్రం సూరన్న నోటివెంట వచ్చిన పదిని పట్టుకుని గుణించాను. మేము పరీక్షించింది ఆరుంపావు టన్నులకి కాదు. మూడు టన్నుల నూట యాభై కిలోలకి. ఆ బ్లాకుతో ఎత్తబోతున్నది నాలుగు వేల ఎనిమిది వందలు.

సూరన్నకి బస్తా అంటే పన్నెండేళ్లు క్వింటాలు. ఆ తర్వాత బస్తాలు లెక్కపెట్టాడే గాని మొయ్యలేదు, వాటి మీది అంకె కేసి చూడనూ లేదు. సగం బరువు బస్తాలు అతని కళ్లముందే పోతున్నా, భుజానికి తెలిసే అవకాశం రాలేదు.

"తూకం వెయ్యండి" అన్నాడు. కాటా మీద పెట్టాం. యాభై కిలోల రెండువందలు. ఆ రెండువందలూ గోనెవి.

దూరంగా గేర్ బాక్సుకి తాళ్లు కడుతున్న కేకలు వినిపిస్తున్నాయి. నా బుర్ర అప్పుడు చాలా వేగంగా పనిచేసింది. దాన్ని తల్చుకుంటే ఈరోజుకీ సిగ్గేస్తుంది.

"సూరన్నా, ఎవరికీ చెప్పకు. గొలుసుకి నూనె లేదు, రేపు ఎత్తుదామని చెప్పు. సాయంత్రం మనిద్దరం నూట పాతిక బస్తాలు పెట్టించి మళ్లీ పరీక్ష చేసేద్దాం. కాగితం మార్చేస్తాను. నెలాఖరుకి నీ మేస్త్రీ కాగితం వస్తోంది, ఇప్పుడు బయటపడితే పోతుంది."

నాకోసం చెప్పిన మాటని అతనికోసం అన్నట్టు చెప్పాను.

సూరన్న ఆలోచించాడు. ఆలోచించలేదని అబద్ధం చెప్పను. ఎడమ భుజం మీద చెయ్యేసుకుని అంతసేపూ నేల చూశాడు.

"నూని నేదంటే ఇంజనీరుబాబు నూని రాయించి ఎత్తించేత్తారు. తప్పు జరిగిందంటేనే ఆపుతారు" అన్నాడు. ఆ మాట అంటూనే బయల్దేరాడు. నడుస్తున్నవాడల్లా సగం దూరం నుంచి పరుగు తీశాడు. నేను తాళాలు గలగలలాడించుకుంటూ వెనకాల పడ్డాను.

మేము చేరేసరికి గేర్ బాక్సు నేల వదలబోతోంది, గొలుసు బిగుసుకుంది. చలమయ్య పక్కన నిలబడి బోల్టుల సంచి మెళ్లో వేసుకుంటున్నాడు. సూరన్న రెండు చేతులూ ఎత్తి ఆపమని సైగ చేశాడు. కుడి చెయ్యి పూర్తిగా లేచింది, ఎడమది చెవి దగ్గర ఆగిపోయింది. గొలుసు లాగేవాడికి ఆ సగం సైగ కూడా అర్థమైంది.

"ఏమైంది?" అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

"నిన్న టెస్టు తప్పు సార్. సిమెంటు బస్తాని నాను క్వింటాలనుకున్నాను. యాబై కిలోలే. సగమే ఎత్తినాం."

ఆయన అతన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను గేర్ బాక్సుని చూశాను.

"లెక్క ఎవరిది?"

"నాదే సార్. పది బస్తాలు టన్నని నానే సెప్పినాను."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాకపోతే సగమే ఉంది. ఆ మిగతా సగం నేను చెప్పాలి. నోరు తెరవడానికి అక్కడ బోలెడంత సమయం ఉంది. నేను తెరవలేదు.

తాళ్లు విప్పించి అప్పటికప్పుడే మళ్లీ పలక కట్టించారు. ఈసారి ముఠాలో ప్రతివాడూ బస్తా మోస్తున్నప్పుడు సూరన్న పక్కన నిలబడి "యాబై, వంద, నూటయాబై" అని కిలోల్లోనే లెక్కపెట్టాడు. అందర్నీ దూరంగా నిలబెట్టి, మూడువేలకి ఒకసారి, నాలుగువేలకి ఒకసారి పలక జానెడు లేపి చూశారు. నిలబడింది. ఇంకో పది బస్తాలు వేశారు. నాలుగున్నర టన్నులు. పలక లేచింది. గొలుసు లాగినవాడు చెయ్యి వదిలి వెనక్కి జరిగాడు.

బ్లాకు లోపల టకటకమని చిన్న చప్పుడు. ఎవరూ ముట్టుకోకుండానే పలక కిందికి రావడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా. జానెడే గనక దబ్బుమని నేలకి తగిలి, పై వరస బస్తాలు రెండు పగిలాయి. సిమెంటు పొడి లేచి మా అందరి మీదా పడింది.

చలమయ్య మెళ్లోంచి బోల్టుల సంచి తీసి కింద పెట్టాడు. పక్కనే గేర్ బాక్సు ఉంది, దీనికన్నా మూడువందల కిలోలు ఎక్కువ బరువు. అది ఎక్కాల్సిన దూలాలు మూడు నిలువుల పైన ఉన్నాయి. అతను రెండూ చూసుకున్నాడు. "బావా" అన్నాడు.

శ్రీరామ్మూర్తిగారు చెడ్డవారు కాదు, రూల్సు మనిషి. బ్లాకుని మళ్లీ రిపేరుకి పంపారు. సూరన్న తప్పు ఒప్పుకున్నాడు గనక పనిలోంచి తియ్యలేదు, తప్పు చేశాడు గనక మేస్త్రీని చెయ్యలేదు. అచ్చు చదవగలిగినవాడు కావాలని చలమయ్యని మేస్త్రీని చేశారు. నా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు. ఆ అంకెలు ఎలా వేశావని ఆయన నన్ను అడగలేదు. రెండేళ్లకి ఆయన వేరే ఊరు వెళ్లిపోయారు. అప్పటిదాకా రోజూ ఎదురుపడ్డా నేను చెప్పలేదు.

సూరన్న మళ్లీ గొలుసు దగ్గరికి వెళ్లాడు, కుడి చేత్తో లాగేవాడు. చలమయ్య మెళ్లో ఈల ఉండేది గాని, ఊదేముందు ఒకసారి సూరన్న కేసి చూసేవాడు. సూరన్న కళ్లతో సరేనంటేనే ఊదేవాడు. ముఠాలోకి ఎవడు కొత్తగా చేరినా సూరన్న అతనికి ముందు సిమెంటు బస్తా ఎత్తించేవాడు, తర్వాత మెస్సుకి వచ్చే క్వింటాలు బియ్యం బస్తా ఎత్తించేవాడు. రెండూ ఎంతెంతో నోటితో చెప్పించేవాడు. అది చెబితే గాని తాడు ముట్టనిచ్చేవాడు కాదు.

ఎనభై ఐదు వేసవిలో, సాయంత్రం స్టోర్సు తాళం వేస్తుంటే ఎడమ భుజానికి తైలం రాయించుకుంటూ కనిపించాడు. చలమయ్య రాస్తున్నాడు. నేను వాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆర్నెల్లుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది.

"సూరన్నా, ఆరోజు నా పేరు ఎందుకు చెప్పలేదు? ఇరవై బస్తాలు టన్నని నాకు తెలుసు. నెలనెలా రాసేవాణ్ని. రాసింది నేను, సంతకం నాది."

అతను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదనిపించింది. కొంచెం ఆశ్చర్యపోయాడు కూడా.

"మీరెప్పుడూ బస్తా మొయ్యనేదు గదా బాబూ. మీకెలగ తెలుత్తాది? నాను మోసినోణ్ని. నాకు తెలవాల" అన్నాడు.

క్షమించాడని సంతోషపడడానికి వీల్లేదు. నన్ను లెక్కలోకే తీసుకోలేదు. ఎన్ని వందల టన్నుల సిమెంటు నా పుస్తకంలోంచి పోయింది. ఒక్క బస్తా బరువు నాకు తెలియదు. లేచి మళ్లీ తాళం తీశాను.

"ఒకటి నా భుజం మీద పెట్టండి" అన్నాను.

చలమయ్య నవ్వాడు. సూరన్న నవ్వలేదు. ఇద్దరూ కలిసి ఒక సిమెంటు బస్తా ఎత్తి నా కుడి భుజం మీద పెట్టారు. మోకాళ్లు వంగిపోయాయి, మెడ పక్కకి వాలింది, ఊపిరి సగంలో ఆగిపోయింది. కాటా ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది.

"యాబై బాబూ" అన్నాడు సూరన్న నా పక్కనే నడుస్తూ. "నిదానంగా ఎయ్యండి అడుగు."

వేశాను. కళ్లలోకి చెమట దిగి ఏమీ కనిపించలేదు. సూరన్న చెయ్యి మాత్రం, ఆ పాడైన ఎడమ చెయ్యి, కాటా దాకా నా బస్తా కిందే ఉంది.